ఒంటె రొమ్ము మీది కాయ

పశువైద్య శాఖలో కొత్తగా చేరిన కుర్రాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, "మీ కాలంలో ఎలా ఉండేదండీ" అని అడుగుతారు. నేనూ మర్యాదగా, దూడ అడ్డం తిరిగిన గేదెను ఒంటి చేత్తో ఎలా గట్టెక్కించానో జబ్బ చూపిస్తూ చెబుతాను. అందులో సగం నిజం, మిగతా సగం ఏళ్ళ తరబడి చెప్పగా చెప్పగా అతుక్కున్నది. మొన్న ఒక కుర్రాడు మాత్రం, "మీ చేతిలో చచ్చిపోయిన పశువు గురించి చెప్పండి సార్" అన్నాడు. వాడికి ఆ రోజు చెప్పలేదు. మాట మార్చి వాళ్ళ ఊళ్ళో వానలు ఎలా ఉన్నాయని అడిగాను. ఇప్పుడు రాస్తున్నాను. చదివాక నన్ను ఏమనుకుంటారో మీ ఇష్టం.

అవి అరవైల చివరి రోజులు. అప్పటికి విజయనగరం జిల్లా లేదు. గజపతినగరంలో పశువుల ఆసుపత్రి అంటే రెండు గదులు, ముందు రేకుల పంచ, ఎదురుగా పశువును నిలబెట్టి కట్టే కర్రల చట్రం. నేను అక్కడ స్టాక్‌మన్ కాంపౌండర్ని. నరసన్నపేట దగ్గర వరి పండించే ఇంట్లో పుట్టి, ఎద్దుల మధ్య పెరిగి, ఏడాది ట్రైనింగు అయ్యి, సర్టిఫికెట్టు పుచ్చుకుని వచ్చినవాణ్ణి. ఎద్దుల మధ్య పెరిగాను కాబట్టి పశువుల సంగతి నాకు తెలిసినంత దేవుడికి కూడా తెలీదని నా నమ్మకం. ఇంకో ఆరు నెలలు గడిస్తే ప్రొబేషన్ పూర్తవుతుంది. అది పూర్తయితే గానీ పిల్లనివ్వమని అవతలివాళ్ళు కచ్చితంగా చెప్పారు. ఈ సంగతి మనసులో పెట్టుకోండి, తర్వాత కావాలి.

ఆసుపత్రిలో నాకంటే ముప్పై ఏళ్ళు ముందు నుంచి ఉన్న మనిషి డ్రెస్సర్ సాయిబు గారు. పుండ్లు కడగడం, కట్లు కట్టడం, గొట్టంతో మందులు తాగించడం ఆయన పని. హోదాలో నాకు కింద, వయసులో మా నాన్నకు పైన. చిన్నతనంలో విజయనగరంలో ఒక మౌల్వీ దగ్గర అరబ్బీ చదువుకున్నారట. తనూ మౌల్వీ అవుదామనుకున్నారట. ఇంతలో తండ్రి పోయాడు, చెల్లెళ్ళ భారం మీద పడింది, వచ్చి పశువుల ఆసుపత్రిలో తేలారు. చదువు పోయింది గాని మాటలు పోలేదు. కట్టు కడుతూనే, "బాబూ, దీన్ని అరబ్బీలో ఏటంతారో తెల్సా" అని మొదలుపెట్టేవారు. గొర్రె పడుకోవడానికి ఒక మాట ఉందట. పిట్ట నేలకు కరుచుకుని కూర్చోవడానికి ఇంకో మాట. మనిషి మోకాళ్ళ మీద కూలబడితే మరో మాట. "మనకో బాబూ, అన్నిటికీ కలిపి తొంగున్నాదే" అని నవ్వేవారు. నేను ఊఁ కొట్టేవాణ్ణి. నిజం చెప్పొద్దూ, నాకు విసుగ్గా ఉండేది.

దసరా వెళ్ళిన వారంలో ఒక పొద్దున్న రోడ్డు మీద గోలగా వినపడితే బయటికి వచ్చాను. ఒంటె. ఊరు ఊరంతా దాని వెనకాల ఉంది. ఉత్తరాది మనిషి ఒకడు దాని ముక్కుతాడు పట్టుకుని మా పంచ ముందుకు తీసుకొచ్చాడు. ఒంటె కుంటుతోంది. అతనికి తెలుగు రాదు, నాకు హిందీ రాదు. సాయిబు గారు మధ్యన నిలబడి అటు మాట ఇటు, ఇటు మాట అటు అందించారు. విజయనగరంలో అమ్మవారి పండక్కి పిల్లల్ని ఎక్కించుకుని తిప్పడానికి వెళ్తున్నాడట. వాళ్ళ డేరాలు పార్వతీపురం దగ్గర ఉన్నాయట. దారిలో ముందు కాలు ఎత్తెత్తి వేస్తుంటే ఎవరో మా ఆసుపత్రి చూపించారట.

"ఈ ఒంటె ఈడి సొంతం కాదంట బాబూ," అన్నారు సాయిబు గారు. "మావదంట. కూతుర్నిచ్చినప్పుడు, దీన్ని సూసుకుని బతకమని అప్పసెప్పేడంట. దీనికి ఏటన్నా అయితే పెళ్ళాన్నీ పిల్లనీ డేరాలోనే అట్టిపెట్టేసుకుంతారంట. ఆళ్ళ కట్టుబాటు అలగంట. సానా బయపడతన్నాడు."

"మేకు దిగి ఉంటుంది. దానికంత భయమెందుకు, తీసేద్దాం," అన్నాను. ఆ మాట వరకూ నేను చెప్పింది సరైనదే.

డాక్టరు గారు ముసర వ్యాధి టీకాల పని మీద కొండ ఊళ్ళకి వెళ్ళి నాలుగు రోజులైంది. ఆసుపత్రికి నేనే పెద్దని. కాలు చూడాలి, దాన్ని కూర్చోబెట్టమన్నాను. అతను నాలుక అంగిట్లో ఆడించి "ఝై ఝై" అన్నాడు. ఒంటె ముందు కాళ్ళు మడిచింది, మోకాళ్ళ మీదికి వచ్చింది, వెనక కాళ్ళు మడిచింది, చివరికి రొమ్ము నేలకి ఆనించి కదలకుండా సర్దుకుంది. పక్కకు చూస్తే సాయిబు గారి కళ్ళల్లో నీళ్ళు.

"బరక," అన్నారు. "ఒంటె కూకోడానికి అరబ్బీలో మాట ఇదే బాబూ. యాభై నాలుగేళ్ళొచ్చి ఇయ్యాల సూస్తన్నాను. సదూకున్నాను గాని ఒంటెని నేనెక్కడ సూసేను." నేను మేకు కోసం అరికాలు తడుముతున్నాను. ఆయన చెప్పుకుంటూ పోతున్నారు. 'బర్క్' అంటే దాని రొమ్ము అట. రొమ్ము నేలకు ఆనించి కూర్చోవడం 'బరక' అట. కూర్చున్న చోటునుంచి కదలకుండా ఉండిపోవడానికీ అదే మాటట. నీళ్ళు నిలిచే గుంటకూ అందులోంచే పేరు పుట్టిందట. ఇంట్లో మంచి నిలిచి ఉంటే బరకత్తు అంటామే, అదీ అక్కడిదేనట. "ఇంకోటి సూడండి బాబూ. మనిసి ఒంటెని కూకోబెట్టడానికి ఒక మాట, అది కూకోడానికి ఇంకో మాట. ఈడు సెప్తాడు, అది కూకుంతాది. కూకోడం దాని పని గాని ఈడి పని కాదు. ఎంత బాగా ఇడదీసేరో."

"ఆ దూది ఇలా ఇవ్వండి," అన్నాను.

మేకు దొరికింది. లాగాను, చీము కార్చాను, కడిగి కట్టు కట్టించాను, పెన్సిలిన్ పొడిచాను. అరగంట పని. అతను చేతులు జోడించి ఒంటెను లేపాడు. అది లేచి నిలబడింది కూడా. అక్కడితో ఊరుకుని ఉంటే నాకు ఇప్పుడు రాయడానికేమీ ఉండేది కాదు.

ఒంటె లేచినప్పుడు దాని కింద వంగి చూశాను. రొమ్ము మీద, ముందు కాళ్ళ మధ్య, అన్నం కంచమంత మేర నల్లగా, మొద్దుబారి, బీటలు వారిన చర్మం. మోకాళ్ళ మీద, మోచేతుల మీద కూడా అలాంటివే చిన్నవి. నాకు ట్రైనింగులో చెప్పింది గుర్తుకొచ్చింది. పశువు రోజుల తరబడి లేవకుండా పడి ఉంటే బరువు ఆనిన చోటల్లా చర్మం చచ్చి పుండవుతుంది. పైన మొద్దుగా ఉంటుంది, లోపల చీము పడుతుంది. రొమ్ము, మోకాళ్ళు, మోచేతులు. పుస్తకంలో రాసినట్టే వరసగా ఉన్నాయి. నాకు కలిగిన సంతోషం చెప్పడానికి సిగ్గుగా ఉంది. డాక్టరు లేని వేళ, ఊరంతా చూస్తుండగా, దాచిపెట్టిన రోగాన్ని పట్టేశాననుకున్నాను.

"ఇది ఎన్నాళ్ళు పడుందో అడగండి," అన్నాను.

సాయిబు గారు అడిగారు. అతను ముందు అర్థం కానట్టు చూసి, తర్వాత నవ్వేశాడు. అతను నవ్వితే జనమూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

"ఎప్పుడూ పడిపోనేదంతన్నాడు బాబూ. అది పుండు కాదంట. అక్కడానుకునే గదా అది కూకుంతాది. ఇందాక సెప్పేను గదా, రొమ్ము పేరు మీదే ఆ మాట పుట్టింది. ఎద్దు మెడ మీద కాడి కాయ నేదా, అలగే ఇదీను. ఒగ్గేద్దాం బాబూ."

కాడి కాయ. నాలుగేళ్ళ వయసు నుంచి మా ఇంటి ఎద్దుల మెడల మీద చేత్తో తడిమిన కాయ. ఆ మాట చెవిలో పడ్డాక కూడా నేను ఆగలేదు.

"సాయిబు గారూ, ఇది ఆసుపత్రి. ఇక్కడ వైద్యం మాటలు చూసి చెయ్యరు," అన్నాను. అందరూ విన్నారు. ఆయన భుజం మీది తువ్వాలు తీసి చేతులు తుడుచుకుని పక్కకి జరిగారు.

పక్క వీధిలో ఎద్దులకు నాడాలు కొట్టేవాళ్ళని పిలిపించాను. ఎద్దుల్ని తాళ్ళతో పడెయ్యడం వాళ్ళకి రోజూ ఉన్న పనే. ఒంటెను మళ్ళీ కూర్చోబెట్టించి, మడిచిన కాళ్ళు మడిచినట్టే కట్టించి, నలుగురి చేత పక్కకు దొర్లించాను. ఆ మనిషి దాని తల ఒళ్ళో పెట్టుకుని ఏదో అంటూనే ఉన్నాడు. అదేమిటో సాయిబు గారు నాకు చెప్పలేదు, నేను అడగలేదు. కత్తితో రొమ్ము మీది మొద్దు చర్మాన్ని గీకాను. చీము రాలేదు. లోపలెక్కడో ఉంటుందని ఇంకా గీకాను. నెత్తురు వచ్చింది. టించరు రాశాను. గాలి తగలాలి, దాని మీద బరువు పడకూడదు, నేను వచ్చి చూసేదాకా కట్లు విప్పొద్దని చెప్పి, చేతులు కడుక్కున్నాను.

ఇంతలో మెంటాడ వైపు ఊరినుంచి కబురు. ఈనిన గేదెకు మాయ పడలేదట. సైకిలెక్కి వెళ్ళాను. ఆ పని బాగానే అయింది. మాయ పడ్డాక ఆ రైతు సంబరపడి కోడిని కోయించాడు. మధ్యాహ్నం సాయిబు గారు పంపిన మనిషి సైకిలు మీద వచ్చి, "ఒంటె పొట్ట ఉబ్బరిస్తన్నాది, బేగి రమ్మన్నారు" అన్నాడు. వస్తున్నానని చెప్పి పంపాను. విస్తరి ముందు కూర్చుని ఉన్నాను. లేస్తే ఆ ఇంటివాళ్ళు బాధపడతారని నాకు నేనే చెప్పుకున్నాను. కోడికూర చాలా బాగుంది. ఇన్నేళ్ళైనా దాని రుచి నాలుక మీదనుంచి పోలేదు, అది నాకు పడిన శిక్షల్లో ఒకటి.

తిరిగి వచ్చేసరికి నాలుగు దాటింది. నా మాట కాదని సాయిబు గారు కట్లు విప్పేశారు. తనూ ఆ మనిషీ చెరో పక్కా భుజాలు ఆనించి ఒంటెను రొమ్ము మీద కూర్చోబెట్టాలని చూస్తున్నారు. అది ఆనడం లేదు. గంటల తరబడి పక్కకు పడి ఉండటంతో లోపలి గాలి బయటికి పోయే దారి లేక పొట్ట బిగుసుకుపోయింది. మెడ నేల మీద చాపేసింది. నేను నూనె తాగించబోయాను, మింగలేదు. ఎద్దుకు పొడిచే చోటే గాలి తీసే గొట్టం పొడిచాను. అది ఒంటెకు సరైన చోటో కాదో నాకు తెలీదు. కాస్త గాలి వచ్చింది. పొద్దు వాలకముందే చచ్చిపోయింది.

ఆ మనిషి ఏడవలేదు. దాని మెడలో గవ్వల పట్టీ విప్పి మడిచి చేతిలో పట్టుకుని, పంచలో గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు. సాయిబు గారు ఇంటినుంచి రొట్టెలు తెప్పించారు. ముట్టుకోలేదు.

లాంతరు వెలిగించేలోగా నేను రిజిస్టరు రాశాను. "చాలా రోజులు లేవలేక పడి ఉన్న తర్వాత తెచ్చారు. రొమ్ముపై, మోకాళ్ళపై ముదిరిన పడక పుండ్లు. యజమాని నిర్లక్ష్యం." ఇంగ్లీషులో రాశాను, చక్కటి దస్తూరీతో. అప్పటికి ఆ మాటలు నిజమనే నమ్ముతున్నాను. ఎవరికైనా చెప్పుకోవలసి వస్తే ఆ ఒక్కటి చెప్పుకుంటాను.

మర్నాడు పొద్దున్నే డాక్టరు గారు కొండల మీదనుంచి దిగారు. ఒంటెను చూస్తానని లుంగీ ఎగ్గట్టి తానే కోశారు. రొమ్ము మీది ఆ ముద్దను అడ్డంగా రెండు ముక్కలు చేశారు. లోపలంతా ఒకటే గట్టి కండ. పుండు లేదు, చీము లేదు. మొదటినుంచీ ఎక్కడా జబ్బు లేదు.

"ఏమయ్యా, ఇది పుండనుకున్నావా?" అన్నారు నెమ్మదిగా. "ఒంటెకి దేవుడిచ్చిన పీటయ్యా ఇది. దీని మీదే కూర్చుంటుంది. మా పుస్తకంలో బొమ్మ కూడా ఉండేది."

సాయిబు గారు బకెట్టుతో నీళ్ళు పోస్తున్నారు. నేను ముందే చెప్పానని ఆయన అనలేదు. అని ఉంటే బాగుండేది. సిగ్గు అనే మాట చాలదు. డాక్టరు గారు చేతులు కడుక్కుని గదిలోకి పిలిచి, తలుపు ఓరగా వేసి, రిజిస్టరు చదివారు.

"ప్రొబేషన్ ఎప్పటికి అవుతుంది?"

"ఆరు నెలలండి."

"కొట్టేసి రాస్తే ఎందుకు కొట్టేశావని అడుగుతారు. ఆరోగ్యంగా నడిచి వచ్చిన జంతువు ఆసుపత్రిలో చచ్చిందంటే విచారణ వేస్తారు. ఉన్నది ఉండనీ," అన్నారు. సంతకం పెట్టేశారు. మంచివాడాయన. నా మీద జాలితోనే చేశాడు. నా ఉద్యోగ జీవితంలో నాకు చాలామంది మంచి చేశారు, వాళ్ళలో కొందరు చెయ్యకుండా ఉండవలసింది.

బయటికి వస్తే సాయిబు గారు ఆ మనిషిని వెంటబెట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఆడికి కాయితం కావాలంట బాబూ," అన్నారు. "డేరాకెళ్తే పెద్దోలు నలుగురూ కూకుని అడుగుతారంట. సదూకున్నోడొకడు ఉన్నాడంట, ఆడు సదువుతాడంట. ఒంటె నడిసొచ్చినాదని, ఈడు దాన్ని బాగా సూసుకున్నాడని ఆస్పత్రి ముద్దరేసి రాసిస్తే సాలంట. పెళ్ళాన్నీ పిల్లనీ ఈడితో పంపిత్తారంట. మరేటీ అడగడం నేదు."

నేను లోపలికి వెళ్ళి డాక్టరు గారిని అడిగాను. "కాగితం ఇవ్వకుండా ఎలా, ఇవ్వు. కానీ రిజిస్టర్లో ఉన్నదే ఇవ్వు. ఇది ఒకటి, అది ఒకటి అయిందంటే పట్టుబడేది నువ్వే," అన్నారు.

బల్ల ముందు కూర్చున్నాను. ఎదురుగా రెండు తెల్ల కాగితాలున్నాయి. ఒకదాని మీద నకలు రాయొచ్చు, ఒకదాని మీద నిజం రాయొచ్చు. నిజం రాస్తే నాలుగు వాక్యాలు. మీరు కుర్రాళ్ళు, మీకు ధైర్యం గురించి పెద్ద పెద్ద ఊహలుంటాయి. అది నాలుగు వాక్యాల కంటే పెద్దదేమీ కాదు. నాకు పార్వతీపురం దగ్గర డేరాలు కనిపించలేదు. పెళ్ళి ముహూర్తమూ, మా నాన్న మొహమూ కనిపించాయి. రిజిస్టర్లోని మూడు వాక్యాలూ పొల్లు పోకుండా దించి, ముద్ర వేసి, బయటికి తెచ్చి ఇచ్చాను.

అతను కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, సాయిబు గారి చేతికిచ్చి ఏదో అడిగాడు.

"ఏటి రాసేరో ఓపాలి సదివి ఇనిపించమంతన్నాడు బాబూ," అన్నారు సాయిబు గారు. కాగితం నాకు అందించారు. "ఇంగిలీసు నాకు రాదు గదా. మీరు తెలుగులో సెప్పండి, నేను ఆడికి సెప్తాను."

నేను కాగితం కళ్ళకెదురుగా పట్టుకున్నాను.

"ఈ ఒంటె తన కాళ్ళ మీద నడిచి ఆసుపత్రికి వచ్చింది," అన్నాను. సాయిబు గారు హిందీలో చెప్పారు. "కాలిలో మేకు తప్ప ఒంటి మీద ఏ పుండూ లేదు." అదీ చెప్పారు. "యజమాని దీన్ని ప్రాణంలా చూసుకున్నాడు. ఇది చనిపోవడంలో అతని తప్పు ఏమీ లేదు." చివరి మాట సాయిబు గారు రెండుసార్లు చెప్పారు. ఆ మనిషి నిన్నటినుంచి ఆపుకున్నదంతా అప్పుడు ఏడ్చాడు. రెండు చేతులతో కాగితం అందుకుని, కళ్ళకద్దుకుని, నాలుగు మడతలు పెట్టి తలపాగా పొరల్లో దోపుకున్నాడు. వంగి నా కాళ్ళు ముట్టుకోబోతే వెనక్కి జరిగాను.

"సానా మంచి పని సేసేరు బాబూ," అన్నారు సాయిబు గారు. "నిన్న మీ మీద మనసు కష్టపెట్టుకున్నాను. ఇయ్యాల పోయింది."

ఆ మనిషి గవ్వల పట్టీ, ముక్కుతాడు భుజాన వేసుకుని పార్వతీపురం రోడ్డు పట్టాడు. కాళ్ళు ఈడ్చుకుంటూ వెళ్ళలేదు. ఆ పూటకే డేరా చేరుకోవాలన్నట్టు త్వరత్వరగా నడిచాడు. రైసు మిల్లు మలుపు దాకా కనిపించాడు. పిలిస్తే వినపడే దూరమే.